రక్తం తక్కువ అన్నాక ఏం చూడాలి: సీబీపీ కాగితాన్ని వరుసగా చదివే పద్ధతి

"ఆయ్, ఒంట్లో రక్తం లేదంటండి, ఎంతుందో చూడండి." కోనసీమలో చిన్న ల్యాబ్ పెట్టుకున్న దగ్గర్నుంచీ, అంటే ఇరవై ఏళ్ళ పైనుంచీ, రోజూ వింటున్న మాట ఇది. చూసి "ఎనిమిది ఉందండి" అంటే ఆ ఎనిమిది పట్టుకుని తిన్నగా మందుల షాపుకి వెళ్ళి, ఐరన్ టానిక్ సీసా కొనుక్కుని ఇంటికెళ్ళిపోతారు. కొందరికి అదే సరైన మందు. కొందరికి డబ్బు దండగ. ఇంకొందరికి మాత్రం, ఆ టానిక్ తాగినన్నాళ్ళూ అసలు జబ్బు లోపల ముదురుతూ ఉంటుంది.

నీరసం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మడం, ముఖం పాలిపోవడం. ఐరన్ లోపంలోనూ ఇవే, బీ12 లోపంలోనూ ఇవే. తలసీమియా, కిడ్నీ జబ్బు, ఆఖరికి బ్లడ్ క్యాన్సర్ మొదటి రోజుల్లోనూ ఇవే. రక్తం తక్కువ అనేది జబ్బు పేరు కాదు, జ్వరం లాంటి లక్షణం. మనిషిని చూసి ఇది ఏ జబ్బో చెప్పడం పెద్ద డాక్టర్లకే కష్టం గానీ, కాగితం సరిగ్గా చదివితే దారి సగం తేలుతుంది. నేను డాక్టర్ని కాను, ల్యాబ్ టెక్నీషియన్ని. మందు రాయడం నా పని కాదు. డాక్టర్ దగ్గర ఏం అడగాలో తెలిసేలా చెప్పగలను.

మొదటి పని: సూది పడకముందే రక్తం ఇవ్వడం

హిమోగ్లోబిన్ ఒక్కటే చేయించుకోకండి. పూర్తి సీబీపీ, అంటే రక్తకణాలన్నిటి లెక్క, చేయించండి, దానితోపాటు "స్మియర్ కూడా చూడండి" అని అడగండి. స్మియర్ అంటే ఒక చుక్క రక్తాన్ని గాజు పలక మీద పలచగా పరిచి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద కళ్ళతో చూడటం. మెషిన్ లెక్కపెడుతుంది, మనిషి చూస్తాడు. రెండూ కావాలి. దీనికి పరగడుపున రానక్కర్లేదు.

మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు వేరే ఉంది. ఆర్ఎంపీ దగ్గర బలానికని బీ కాంప్లెక్స్ సూది వేయించుకుని, పది రోజులు ఐరన్ మింగి, అప్పుడు వస్తారు. అప్పటికే బీ12 ఉన్న సూది పడితే బీ12 పరీక్షలో అంకె పైకి వస్తుంది, లోపం దాక్కుంటుంది. ఇక రక్తం ఎక్కించేశారంటే, తలసీమియా, సికిల్ సెల్ తేల్చే హెచ్‌పీఎల్‌సీ పరీక్షని సుమారు మూడు నెలల పాటు నమ్మలేం. ట్యూబులో ఉన్న రక్తంలో సగం ఇంకెవరిదో మరి. అర్జంటుగా రక్తం ఎక్కించాల్సి వచ్చినా, ఎక్కించే ముందు రెండు ట్యూబులు తీసి పక్కన పెట్టమని అడగండి. రెండు నిమిషాల పని.

రెండో పని: మూడు వరసలూ చూడటం

హిమోగ్లోబిన్ మగవాళ్ళకి 13, ఆడవాళ్ళకి 12, గర్భిణులకి 11 కంటే తగ్గితే రక్తహీనత. మనవాళ్ళు దీన్ని పర్సెంట్ అంటారు, నిజానికి అది డెసిలీటర్‌కి గ్రాములు. అది చూశాక ఆగకండి. కింద తెల్లకణాలు ఎన్ని, ప్లేట్‌లెట్లు ఎన్ని? హిమోగ్లోబిన్ ఒక్కటే తగ్గి మిగతా రెండూ బాగుంటే తొందరేం లేదు, నిదానంగా వెతకొచ్చు. మూడూ తగ్గితే, లేదా తెల్లకణాలు విపరీతంగా పెరిగితే, మధ్యలో ఉన్నదంతా వదిలేసి ఈ వ్యాసం చివరికి వెళ్ళిపోండి.

మూడో పని: ఎంసీవీ దగ్గర ఆగడం

కాగితం మీద అందరూ దాటేసే అంకె ఇది. ఎర్రకణం సగటు సైజు. 80 నుంచి 100 మధ్య ఉంటే మామూలు. 80 కంటే తక్కువైతే కణం చిన్నది, 100 దాటితే పెద్దది. జబ్బులన్నీ ఇక్కడే మూడు దారులుగా చీలిపోతాయి.

మైక్రోస్కోప్‌లో ఇది కళ్ళకి కనబడుతుంది. మంచి ఎర్రకణం మన మినపగారెలా ఉంటుంది. గుండ్రంగా, మధ్యలో కొంచెం పలచగా, అంచు మందంగా. ఐరన్ లేనివాళ్ళ కణాలు చిన్నవై, మధ్యలో అంతా తెల్లగా ఖాళీ అయిపోయి, చుట్టూ సన్నటి అంచు మాత్రమే మిగిలి చేతి గాజులా కనబడతాయి. కొన్ని పెన్సిల్ ముక్కల్లా సాగి ఉంటాయి. బీ12 లోపంలో కణాలు పెద్దవై కోడిగుడ్డు ఆకారంలోకి తిరుగుతాయి.

చిన్న కణాలు: ఐరన్ లోపమా, తలసీమియా మైనరా?

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. తలసీమియా మైనర్ అంటే తల్లి నుంచో తండ్రి నుంచో పుట్టుకతో వచ్చే హిమోగ్లోబిన్ తయారీ లోపం. రెండింటిలోనూ హిమోగ్లోబిన్ తక్కువే, ఎంసీవీ తక్కువే. తేడా పట్టించేది ఎర్రకణాల సంఖ్య. ఐరన్ లోపంలో సరుకు లేక ఫ్యాక్టరీ నెమ్మదిస్తుంది, కణాలు చిన్నవీ, తక్కువవీ. తలసీమియా మైనర్‌లో సరుకుంది, అచ్చు సరిగ్గా లేదు. అందుకని కణాలు చిన్నవే గానీ సంఖ్యలో బోలెడు.

కాగితం మీద లెక్క వేయొచ్చు. ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో, అంటే మిలియన్లలో ఉన్న అంకెతో భాగించండి. 13 కంటే ఎక్కువొస్తే ఐరన్ లోపం వైపు, తక్కువొస్తే తలసీమియా మైనర్ వైపు. దీన్ని మెంట్జర్ సూచీ అంటారు. ఒకావిడ కాగితంలో ఎంసీవీ 68, ఎర్రకణాలు 4.1. భాగిస్తే 16.6. ఆర్‌డీడబ్ల్యూ కూడా 18 ఉంది, అంటే కణాలు తలో సైజులో ఉన్నాయన్నమాట. ఐరన్ లోపంలో అది పెరుగుతుంది, తలసీమియా మైనర్‌లో చాలావరకు మామూలుగానే ఉంటుంది. ఇక రెండో కాగితం: హిమోగ్లోబిన్ 10.4, ఎంసీవీ 62, ఎర్రకణాలు 5.6. భాగిస్తే 11.

ఆ రెండో కాగితం మా పిన్నిది. పదేళ్ళకు పైగా ఐరన్ మింగింది. చూపించుకున్న ప్రతిచోటా హిమోగ్లోబిన్ చూడటం, "రక్తం తక్కువుందమ్మా" అనడం, మాత్రలు రాయడం. "నాకు ఐరన్ ఒంటబట్టదురా" అని తనకి తనే పేరు పెట్టేసుకుంది. నేనూ ల్యాబ్‌లో కూర్చుని కూడా ఆ కాగితాలు ఎప్పుడూ అడగలేదు. వాళ్ళమ్మాయి, అంటే మా చెల్లెలు, నెల తప్పాక దానికీ 9.6 వచ్చింది, ఐరన్‌తో కదల్లేదు. అప్పుడు పిన్ని బీరువాలోంచి పాత కాగితాలన్నీ తీయించి వరసగా పరిస్తే, ఏ ఏడాది చూసినా హిమోగ్లోబిన్ 10 చుట్టూ, ఎంసీవీ 62 చుట్టూ. లోపమైతే పెరుగుతూ తగ్గుతూ ఉండాలి గానీ పదేళ్ళు ఒకేచోట నిలబడదు. ఐరన్ నిల్వలు చూపే ఫెరిటిన్ పరీక్ష చేయిస్తే 310. ఒంట్లో ఐరన్ నిల్వలు నిండుగా ఉన్నాయి, మనం ఇంకా పోస్తున్నాం.

కాబట్టి లెక్క వేసి వదిలేయొద్దు, అది అనుమానం మాత్రమే. తేల్చేవి రెండు పరీక్షలు. మొదటిది ఫెరిటిన్. 15 కంటే తక్కువైతే ఐరన్ లోపమే, 30 లోపున్నా దాదాపు అదే అనుకోవచ్చు. ఒంట్లో ఇన్‌ఫెక్షనో వాపో ఉంటే మాత్రం ఫెరిటిన్ అబద్ధం చెబుతుంది, లోపమున్నా ఎక్కువ చూపిస్తుంది. జ్వరంలో చేయించకండి. రెండోది హెచ్‌పీఎల్‌సీ. అందులో హిమోగ్లోబిన్ ఏ2 అనే భాగం 3.5 శాతం దాటితే బీటా తలసీమియా మైనర్. చెల్లెలికి 5.1 వచ్చింది. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఐరన్ లోపం కూడా కలిసి ఉంటే ఏ2 కిందికి దిగి మామూలులా కనబడొచ్చు, కాబట్టి ఐరన్ సరిచేశాక ఇంకోసారి చూడాలి.

మైనర్ ఉన్న మనిషికి మందు అక్కర్లేదు, అది జబ్బు కూడా కాదు. పెళ్ళి దగ్గర మాత్రం లెక్కలోకి వస్తుంది. తలసీమియా మైనర్ ఉన్న ఇద్దరు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి తలసీమియా మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేజర్ అంటే జీవితాంతం రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. మేనరికాలు చేసుకునే ఇళ్ళల్లో ఒకే తాతగారి నుంచి ఆ లోపం ఇద్దరికీ వచ్చి ఉండొచ్చు గనక, జాతకాలతోపాటు ఈ పరీక్ష కూడా చేయించమంటాను. చెల్లెలి భర్తకి చేయిస్తే మామూలుగా వచ్చింది. ఇంట్లో అందరం ఆ రాత్రి నిద్రపోయాం.

ఐరన్ లోపమే అని తేలితే పని అయిపోలేదు, ఐరన్ ఎటు పోతోందో చూడాలి. ఆడవాళ్ళని అడగాల్సిన మొదటి ప్రశ్న నెలసరి ఎన్ని రోజులు, ఎంత. రెండోది, సిగ్గుపడి చెప్పనిది: బలపాలు తింటున్నావా అమ్మా? బియ్యం, మట్టి, సుద్ద, విబూది తినాలనిపించడం ఐరన్ లోపానికి పెద్ద గుర్తు. పక్కన మొగుడుంటే చెప్పరు, ఆయన్ని బయటికి పంపి అడగాలి. గోళ్ళు చెంచాల్లా గుంట పడటం ఇంకో గుర్తు.

మన వరిచేల దగ్గర మూడో ప్రశ్న ఉంది. చెప్పుల్లేకుండా బురదలో దిగేవాళ్ళకి కొంకిపురుగులు అరికాలి చర్మంలోంచి లోపలికెళ్ళి, పేగులకి కరుచుకుని రక్తం తాగుతాయి. సీబీపీలో దీనికి ఒక చిన్న ఆనవాలు ఉంటుంది: ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు పెరగడం. హిమోగ్లోబిన్ తక్కువ, ఎంసీవీ తక్కువ, ఇసినోఫిల్స్ ఎక్కువ అని మూడూ ఒక కాగితంలో కనబడితే మల పరీక్ష చేయించండి. పురుగుల మందు వేసుకోకుండా ఐరన్ పోయడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. ఇసినోఫిల్స్ బోదకాలు పురుగు వల్లా, అలర్జీల వల్లా కూడా పెరుగుతాయి, కాబట్టి అదొక్కటే చూసి తీర్మానించకండి.

మగవాళ్ళకీ, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకీ ఐరన్ తగ్గితే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. వాళ్ళకి రక్తం పోయే దారి చాలావరకు పేగుల్లోనే ఉంటుంది. మొలలు కావొచ్చు, మోకాళ్ళ నొప్పులకి రోజూ మింగే మాత్రల వల్ల పడిన పుండు కావొచ్చు, పెద్దపేగులో గడ్డ కూడా కావొచ్చు. ఎండోస్కోపీ ఎందుకని డాక్టర్ని విసుక్కోకండి.

మాత్ర సరైనదైతే అదే ఒక పరీక్ష. మూడు నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ దాదాపు రెండు గ్రాములు పెరగాలి. పెరగలేదంటే మాత్ర సరిగ్గా వేసుకోవడం లేదు, లేదా వేసుకున్న వెంటనే టీ తాగుతున్నారు, లేదా రక్తం ఇంకా పోతోంది, లేదా జబ్బు వేరే. దొడ్డికి నల్లగా రావడం ఐరన్ వల్లే, భయపడక్కర్లేదు. తారులా జిగటగా, కంపు కొడుతూ వస్తే అది రక్తం, అప్పుడు ఆగకూడదు.

పెద్ద కణాలు: బీ12, ఫోలిక్ యాసిడ్, సారా సీసా

ఎంసీవీ 100 దాటితే ముందు అడగాల్సింది ఆహారం గురించి, మాత్రల గురించి. పూర్తి శాకాహారులు, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు, గ్యాస్ మాత్ర పరగడుపున వేసుకోకపోతే రోజు మొదలవని వాళ్ళు, వీళ్ళలో బీ12 తగ్గుతుంది. చేపలు తినే మన ఊళ్ళల్లో కూడా చూస్తుంటాను, కారణం ఆ మాత్రలే. అరికాళ్ళలో తిమ్మిర్లు, నాలుక ఎర్రగా నున్నగా అయిపోవడం, వేళ్ళ కణుపుల మీద చర్మం నల్లబడటం, మతిమరుపు, ఇవి బీ12 లోపం వైపు చూపించే గుర్తులు. స్మియర్‌లో న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల మధ్య భాగం మామూలుగా మూడు నాలుగు తమ్మెలుగా ఉంటుంది, ఇక్కడ అయిదారు తమ్మెలై పూసల దండలా కనబడుతుంది. అది చూశానంటే బీ12 అంకె రాకముందే రాసి పెట్టేసుకుంటాను.

ఫోలిక్ యాసిడ్ లోపం రక్తంలో అచ్చం ఇలాగే ఉంటుంది, నరాల గోల మాత్రం ఉండదు. ఇది తేల్చకుండా ఉత్త ఫోలిక్ యాసిడ్ మింగితే హిమోగ్లోబిన్ పెరుగుతుంది, మనం సంతోషిస్తాం, బీ12 లేక నరాలు మాత్రం లోపల పాడవుతూనే ఉంటాయి. అందుకే రెండూ చూడాలి.

ఫోలిక్ యాసిడ్ మాట వచ్చింది గనక ఒకటి చెప్పకుండా ఉండలేను. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ సంస్థ పరిశోధనలకి నాయకత్వం వహించింది మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. స్ప్రూ అనే పేగు జబ్బుకి తోబుట్టువుని పోగొట్టుకున్న మనిషి. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతకి ఫోలిక్ యాసిడే మందు. అదే ఫోలిక్ యాసిడ్‌కి పనిచేయకుండా అడ్డుపడే అమైనాప్టెరిన్ కూడా ఆయన బృందం నుంచే వచ్చింది, దానితోనే సిడ్నీ ఫార్బర్ అనే అమెరికా డాక్టర్ పిల్లల బ్లడ్ క్యాన్సర్‌ని మొదటిసారి కొన్నాళ్ళు వెనక్కి నెట్టగలిగాడు. గర్భిణులకి అంగన్‌వాడీలో ఇచ్చే మాత్ర చూసినప్పుడల్లా నాకు భీమవరం గుర్తొస్తుంది.

సారా తాగేవాళ్ళకీ, థైరాయిడ్ తగ్గినవాళ్ళకీ, లివర్ చెడినవాళ్ళకీ కూడా ఎంసీవీ పెరుగుతుంది.

సైజు మామూలే, రక్తం మాత్రం తక్కువ

కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించండి. కిడ్నీలు దెబ్బతింటే రక్తం తయారు చేయమని చెప్పే హార్మోన్ తగ్గిపోతుంది, దానికి ఐరన్ టానిక్ ఒక్కటే చాలదు. కీళ్ళవాతం, టీబీ లాంటి దీర్ఘకాలపు జబ్బుల్లోనూ ఇలాగే ఉంటుంది. ముసలివాళ్ళకి నడుం నొప్పి, క్రియాటినిన్ పెరగడం, రక్తం తగ్గడం మూడూ కలిస్తే మైలోమా అనే ఎముక మూలుగ క్యాన్సర్ ఉందేమో చూడమనాలి. ఇంకోటి, ఐరనూ బీ12 రెండూ తగ్గితే చిన్న కణాలూ పెద్ద కణాలూ కలిసి సగటు 88 అని అమాయకంగా చూపిస్తుంది. ఆర్‌డీడబ్ల్యూ బాగా పెరిగి ఉంటే అదే గుట్టు విప్పుతుంది.

కళ్ళు పచ్చబడితే: పసిరికలేనా?

పచ్చదనం కనబడగానే పసరు మందుకి పరిగెత్తడం మన అలవాటు. లివర్ జబ్బులో కళ్ళని పచ్చబరిచే బిలిరుబిన్‌తోపాటు, లివర్ దెబ్బని చూపే ఎస్‌జీపీటీ కూడా పెరుగుతుంది, హిమోగ్లోబిన్ చాలావరకు మామూలుగానే ఉంటుంది. ఎర్రకణాలు లోపలే పగిలిపోయే జబ్బుల్లో ఎస్‌జీపీటీ మామూలుగా ఉండి, ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్, ఎల్‌డీహెచ్, రెటిక్యులోసైట్లు పెరుగుతాయి, హిమోగ్లోబిన్ పడిపోతుంది. రెటిక్యులోసైట్ అంటే అప్పుడే పుట్టిన ఎర్రకణం. పోయినదాన్ని పూడ్చడానికి మూలుగ హడావిడి పడుతోందని అర్థం.

ఎర్రకణాన్ని కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపమున్న మగపిల్లలకి కొన్ని మందులు పడగానే, బీరువాలో వేసే కలరా ఉండలు పొరపాటున నోట్లో పెట్టుకున్నా, ఒకటి రెండు రోజుల్లో మూత్రం నల్లటి కోలా రంగులో వస్తుంది. మలేరియాకిచ్చే ప్రైమాక్విన్ అలాంటి మందే. గమ్మత్తేమిటంటే, అప్పుడే జీ6పీడీ పరీక్ష చేస్తే బాగానే ఉందని రావొచ్చు. పాత కణాలన్నీ పగిలిపోయి కొత్తవే మిగులుతాయి మరి. రెండు మూడు నెలలాగి మళ్ళీ చేయించాలి.

రంపచోడవరం, చింతూరు వైపు మన్యం నుంచి పనులకో చదువులకో డెల్టాకి దిగినవాళ్ళలో సికిల్ సెల్ కూడా మనసులో పెట్టుకోవాలి. చంటిపిల్లలకి చేతులు కాళ్ళు వాచి ఏడవడం, పెద్దపిల్లలకి ఒళ్ళంతా విరుచుకుపడే నొప్పులు రావడం చూసి కీళ్ళవాతం అనుకుంటారు. స్మియర్‌లో కణాలు అచ్చం మన కొడవళ్ళే. త్వరగా చేసే సాల్యుబిలిటీ పరీక్ష పాజిటివ్ వస్తే కంగారొద్దు, ఉత్త క్యారియర్లకీ అది పాజిటివే వస్తుంది. జబ్బా, క్యారియరా అనేది హెచ్‌పీఎల్‌సీ తేలుస్తుంది. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో నలభై ఏళ్ళ లోపు వాళ్ళకి పరీక్షలు చేస్తున్నారు, ఏఎన్ఎంని అడగండి.

మచ్చలు, రక్తస్రావం: ప్లేట్‌లెట్లా, గడ్డకట్టించే పదార్థాలా?

చర్మం మీద ఎర్ర చుక్కలు కనబడితే గాజు గ్లాసు తెచ్చి వాటి మీద నొక్కి, గ్లాసులోంచి చూడండి. దోమకాటైతే నొక్కినప్పుడు మాయమవుతుంది. అలాగే ఉండిపోతే చర్మం కింద రక్తం చిమ్మిందన్నమాట. చుక్కలు, చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి రక్తం రావడం ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు చూస్తాం. అదే మగపిల్లాడు, పడిన మర్నాటికి మోకాలు వాచిపోయింది, పన్ను పీకిన చోట రాత్రంతా కారింది, ప్లేట్‌లెట్లేమో మూడు లక్షలున్నాయి అంటే గడ్డకట్టించే పదార్థం పుట్టుకతో తక్కువుండే హిమోఫీలియా అనుమానించి, రక్తం గడ్డకట్టే సమయం చూసే ఏపీటీటీ పరీక్ష చేయించాలి. వాళ్ళమ్మని ఒక ప్రశ్న అడగండి: పిల్లాడి మేనమామలకి ఇలా ఉందా?

వానాకాలం జ్వరంతో ప్లేట్‌లెట్లు పడితే ముందు డెంగీ అనుమానించాలి. జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకునే రోజే ఇందులో ప్రమాదం. ప్లేట్‌లెట్ అంకె కంటే పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, పెరగడం, కడుపునొప్పి, ఆగని వాంతులు ముఖ్యం. బొప్పాయి ఆకు రసం తాగినా తాగకపోయినా జబ్బు తగ్గుముఖం పట్టాక ప్లేట్‌లెట్లు పెరుగుతాయి. జ్వరం లేకుండా, మిగతా అంకెలన్నీ బాగుండి, పిల్లాడు ఆడుకుంటూ ఉండగా ఇరవై వేలు అని వస్తే అది చాలావరకు ఐటీపీ, ఒంటి రక్షణ వ్యవస్థే ప్లేట్‌లెట్లని తినేయడం.

ఇంకోటి కూడా ఉంది, నా సొంత తప్పు. మెషిన్ 38 వేలు చూపించింది, క్యూ ఎక్కువగా ఉందని స్లయిడ్ చూడకుండా ఇచ్చేశాను. వాళ్ళు రాత్రికి రాత్రి కారు మాట్లాడుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు. పొద్దున స్లయిడ్ చూస్తే ప్లేట్‌లెట్లు గుంపులు గుంపులుగా అతుక్కుని ఉన్నాయి. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏకి కొందరి రక్తంలో ఇలా అవుతుంది, మెషిన్ ఒక గుంపుని ప్లేట్‌లెట్‌గా లెక్కే పెట్టదు. సిట్రేట్ ట్యూబులో తీస్తే సరిపోయేది. ఒంటి మీద ఒక్క మచ్చా లేకుండా ప్లేట్‌లెట్లు దారుణంగా తక్కువొస్తే, కారు మాట్లాడేముందు స్లయిడ్ చూశారా అని అడగండి.

ఆగకూడనివి

మూడు వరసలూ తగ్గాయా? అది బీ12 లోపమే కావొచ్చు, సూదులతో వారాల్లో సరైపోతుంది. మూలుగ ఎండిపోయిన ఏప్లాస్టిక్ ఎనీమియా కావొచ్చు, లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ కావొచ్చు. ఇది ఇంట్లో తేలేది కాదు. స్మియర్ రిపోర్టులో "బ్లాస్ట్స్", అంటే ఎదగని పసి కణాలు, అనే మాట ఉన్నా, తెల్లకణాలు యాభై వేలో లక్షో ఉన్నా, వారాల తరబడి జ్వరం, ఎముకల నొప్పులు, మెడలో గడ్డలు, పాలిపోవడం కలిసి వచ్చినా, అదే రోజు కాకినాడో విశాఖో, రక్త జబ్బుల డాక్టరున్న చోటికి బయల్దేరాలి. బయల్దేరే ముందు నొప్పులకనీ జ్వరానికనీ స్టెరాయిడ్ సూది వేయించకండి. అది లుకేమియా కణాలని కొన్నాళ్ళు కరిగించి, మనిషి తేరుకున్నట్టు చూపించి, మూలుగ పరీక్షలో జబ్బు దొరక్కుండా చేస్తుంది.

వెళ్ళేటప్పుడు పాత కాగితాలన్నీ తారీఖుల వరసలో పట్టుకెళ్ళండి, వాడిన మందుల అట్టలు కూడా. మా పిన్నికి నేనో కార్డు రాసి లామినేషన్ చేయించి ఇచ్చాను: "తలసీమియా మైనర్. ఫెరిటిన్ చూడకుండా ఐరన్ ఇవ్వొద్దు." అది తన పర్సులో ఆధార్ కార్డు వెనకాల ఉంటుంది. పంటి నొప్పికి వెళ్ళినా ముందు అదే తీసి చూపిస్తుంది.